వెండి పలక మీద బొట్టు

హోసూరులోని మా లేజర్ ల్యాబులో వెండి పలకల్ని అద్దంలా నునుపు చేసే పని సుమది. వేప్పనపల్లి మామిడితోటల వాళ్ల పిల్ల. చేతిలో ఉన్న ఓర్పు నోట్లో లేదు. గాలి తీసేసిన ఉక్కు డబ్బాలో ఆ పలక మీద లేజర్ సన్నటి గీతలా పడుతుంది. వెండి కాగి ప్లాస్మా అవుతుంది. ఆ గీత కొసనుంచి తీవ్ర అతినీలలోహిత లేజర్ కాంతి పుడుతుంది. అది కంటికి ఆనదు, కెమెరాకే కనిపిస్తుంది. డబ్బాలో గాలి మిగిలితే ఆ గాలే కాంతిని మింగేస్తుంది.

ఆ కాంతి తన సొత్తే అనుకునేది సుమ, నమిత వచ్చేదాకా. నమితది బజారులో బట్టల కొట్టు నడిపే ఇల్లు. చేరిన నెలకే ఆమె పలక సుమ పలకకంటే ఎక్కువ వెలుగిచ్చింది. ల్యాబు పెద్ద విశ్వేశ్వరయ్య సారు అందరి ముందూ మెచ్చుకున్నారు.  సుమ ఆ రోజు అన్నం డబ్బా కూడా తెరవలేదు. అసూయే, ఇంకో పేరెందుకు?

ఆయుధపూజ మరునాడు బెంగళూరు పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. ఆ రోజు ఎవరి పలక వెలిగితే వాళ్లకే ఉద్యోగం ఖాయమని ల్యాబంతా గుసగుస. ఇద్దరూ తలా ఒకటి సారుకిచ్చారు. సారు ఎంచినదాన్ని, ఎవరిదో బయటికి చెప్పకుండా, పూజనాడు నమిత లోపల బిగించింది.

"ఆ యమ్మదే పెట్టించుంటారు, ఇంకేముండాది!" అని సుమ నా దగ్గర పళ్లు కొరికింది.

పూజకు యంత్రాలన్నిటికీ బయట బొట్లు పెడతాం. లోపల మాత్రం వేలిముద్ర కూడా పడకూడదు. మరునాడు పొద్దున గాజు కిటికీలోంచి తొంగిచూసిన సుమకు పలక అంచున ఎర్రటి బొట్టు కనిపించింది. తడి గంధం, పైన కుంకుమ. ఇక నమిత పలక వెలగదనుకుంది. ఎవరికీ చెప్పలేదు. పైగా గాలి తీసే పంపు తనే ఆన్ చేసింది.

పెద్దలు వచ్చారు. గంధంలోని తడి ఆవిరవుతూ ఉంటే లోపలి ఒత్తిడి ఎంతకీ దిగలేదు. లేజర్ వేసినా కెమెరాలో చీకటే. కాఫీ తాగి వెళ్లిపోయారు. డబ్బా తెరిచి బొట్టు చూసిన సారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. నేనే పెట్టానని నమిత ఏడుస్తూ ఒప్పుకుంది.

"లోపల బొట్టేంది? బుద్ధుండాదా నీకి?" అని అందరికంటే ముందు సుమే గద్దించింది.

"అది నీ పలకే అక్కా. అక్కదే బాగుండాది, అదే పెట్టండి సార్ అని నేనే అడిగినాను. నీకి బాగా వెలుగు రావల్లని మొక్కుకోని పెట్టినాను."

సుమ ముఖం పాలిపోయింది. "నేను పొద్దున్నే చూసినా..." అని, మిగతాది మింగేసింది. నమిత వినిపించుకోలేదు. సుమ చేతులు రెండూ పట్టుకుని, క్షమించమని ఏడుస్తూనే ఉంది.