అభ్యర్థి కోసం మారేడ్‌పల్లికి

మొన్న పొద్దున్నే ఎన్నికల ఆటో ఒకటి మైకులో అరుచుకుంటూ మా వీధిలోంచి వెళ్లింది. ఒక్క సీటుకి పదిమంది కొట్టుకునే ఈ రోజుల్లో, నిలబడండి మహాప్రభో అని మనుషుల్ని బతిమాలుతూ తిరిగిన మా బాబాయి గుర్తొచ్చాడు. ఉమ్మడి రాష్ట్రం రోజులవి. ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చి, మెట్టుగూడలో ఆయన ఇంట్లోనే ఉండేదాన్ని. పిన్ని పోయింది, పిల్లల్లేరు. రైల్వేలో రిటైరయ్యాక పొద్దుపోక, ఎప్పుడూ గెలవని ఓ చిన్న పార్టీలో చేరాడు. అసెంబ్లీకి అభ్యర్థిని వెతికే పని ఆయనకు అప్పగించారు. ఇంకెవరూ ఒప్పుకోని పని గనక. ఆడమనిషి పక్కనుంటే జనం తలుపు తీస్తారని నన్ను వెంటేసుకెళ్లేవాడు.

సీతాఫల్‌మండి డాక్టరుగారు మమ్మల్ని చూస్తూనే దండం పెట్టేశాడు. "ఏందీ సార్, గిట్ల పరేషాన్ చేస్తున్నరు? నేను నిలబడ్తే మా ఇంట్లోళ్లు సుత ఓటెయ్యరు. జెర వదిలెయ్యుండ్రి" అని, బాబాయి దగ్గుకి మందు రాసిచ్చి పంపాడు. ఒక వకీలుగారైతే తాను ఇంట్లో లేనని తానే లోపలినుంచి చెప్పాడు.

చివరికి మారేడ్‌పల్లిలో ఒక రిటైర్డు హెడ్మిస్ట్రెస్ గారింటికి చేరాం. పెళ్లి చేసుకోలేదు, ఒంటరిగా ఉండేవారు. ఆ చుట్టుపక్కల సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే. "నన్నే అనుకుని వచ్చారా, ఎవరూ దొరక్క వచ్చారా?" అని అడిగారు. బాబాయికి అబద్ధం రాదు. "దొరక్కేనండీ" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వి, టీ ఇచ్చి, ఆలోచిస్తాను, గురువారం రమ్మన్నారు. గురువారం వెళ్తే, ఆదివారం చర్చి అయ్యాక రమ్మన్నారు. ఔననరు, కాదనరు. రాజకీయం అయిదు నిమిషాల్లో ముగిసేది. ఆ తరవాత పిన్ని పెట్టే గోంగూర పచ్చడి గురించి ఈయనా, బడిలో తొలినాళ్ల గురించి ఆవిడా చీకటి పడేదాకా చెప్పుకునేవాళ్లు. బాబాయి చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వడం మొదలుపెట్టాడు.

నామినేషన్ల గడువు దగ్గరపడ్డాక ఒకరోజు ఆవిడే అన్నారు, "మీరే నిలబడొచ్చు కదండీ?"

బాబాయి టీ కప్పు కింద పెట్టాడు. "నన్నెవరూ అడగలేదండీ."

"నేను అడుగుతున్నానుగా."

నిలబడ్డాడు. ఆవిడ గొడుగేసుకుని మాతో ఇంటింటికీ తిరిగారు. "ఈయన అబద్ధమాడరు, నాదీ పూచీ" అని పాత విద్యార్థులకు గట్టిగా చెప్పేవారు. డిపాజిట్టు దక్కలేదు. అయినా బాబాయి నవ్వుతూనే ఇల్లు చేరాడు. దిగులు ఆ తరవాతి ఆదివారం పట్టుకుంది. తయారై గుమ్మందాకా వెళ్లి ఆగిపోయాడు. వెళ్లి రండి బాబాయ్ అన్నాను. "ఏమని వెళ్లనమ్మా? ఎలక్షన్లయిపోయాయిగా" అని, చెప్పులు విడిచి లోపలికొచ్చేశాడు. ఆవిడ మార్కెట్లో కనబడితే, "బాబాయిగారు కులాసానా?" అని అడిగి, ఇంకేదో అనబోయి, సంచీ సర్దుకుని వెళ్లిపోయారు.

మళ్లీ ఎన్నికలు రాకముందే ఆవిడ పోయారు. ఆ రోజు బాబాయి చర్చిలో చివరి బెంచీ మీద, అందరూ వెళ్లిపోయాక కూడా కూర్చునే ఉన్నాడు.

అయిదేళ్లు ఇట్టే గడుస్తాయిలే, మళ్లీ ఎన్నికలొస్తాయి అని, ఆయన గుమ్మంలోంచి వెనక్కొచ్చిన ఆ ఆదివారం నేనే ధైర్యం చెప్పాను. కొందరికి అయిదేళ్లంటే మిగిలిన కాలమంతా అని, వాళ్ల వయసుకొచ్చాక గాని నాకు తెలియలేదు.