మగవాడి గది

అరవైలు మొదలైన కొత్తలో, నెల్లూరికి తూర్పున సముద్రం ఒడ్డునున్న ఒక హైస్కూల్లో నేను డ్రాయింగు మాస్టరుని. ఎదురుగాలిలో సైకిలు తొక్కితే వెనక్కి వెళ్లేంత బక్కపలచటివాణ్ని. అటువంటి నేను బడి వార్షికోత్సవానికి మగతనం మీద రెండు రోజుల ప్రదర్శన పెడతానన్నాను. హెడ్మాస్టరు గారు నన్ను పైనుంచి కిందికి చూసి, "మీరా?" అన్నారు. దాంతో నాకు పట్టుదల పెరిగింది.

ఒక తరగతి గది కిటికీలకు గోనెపట్టాలు కట్టి చీకటి చేశాను. నడిమధ్య కండలు తిరిగిన మట్టి వస్తాదు. గాజుపలకల మీద నేను వేసిన సిపాయినీ, వేటగాణ్నీ, పులినీ సైన్సు మాస్టరు మాజిక్ లాంతరుతో గోడమీద చూపించేవారు. మూలన గ్రామఫోనులో యుద్ధబాజా. నేను తెర వెనక దాక్కుని, రేకు గొట్టంలోంచి గొంతు బొంగురు చేసుకుని పలికేవాణ్ని.

మొదటిరోజు పొద్దున్నే గది నిండిపోయింది. చేపలమ్మే ఒకావిడ తన గంపను తెర పక్కనే దించిందని నాకు తెలియదు.

"మగవాడు ఏడవడు! మగవాడు దేనికీ భయ... అమ్మా! అమ్మోవ్! చచ్చినా!"

గంపలోంచి పాకి వచ్చిన పీత నా కాలి బొటనవేలు పట్టుకుంది. తెరతో సహా వెళ్లి వస్తాదు మీద పడ్డాను. మట్టి ఇంకా పచ్చిదే, వాడి చెయ్యి ఊడింది. నా కళ్లలో నీళ్లు. ఆవిడే వచ్చి పీతను విడిపించి, "పిల్ల ఎండ్రకాయ అయ్యోరా! దీనికే ఇట్టా అరిస్తే ఎట్టా?" అంది. జనం పడీపడీ నవ్వారు. మళ్లీ ఒకసారి అరవమన్నారు కూడా.

సాయంత్రం, ఉద్యోగం మానేద్దామా అనుకుంటూ మట్టి ఎత్తుతుంటే, పక్క జాలర్ల పాలెంలో పెద్దవల యజమాని వచ్చాడు. ఆయన దగ్గితే కుక్కలు మొరగడం మానేవి. కొట్టడానికొచ్చాడనుకుని చేట అడ్డం పెట్టుకున్నాను.

ఆయన తలుపు దగ్గరేసి, "పోయిన తుపాన్లో నా పడవ తిరగబడింది. కొయ్య పట్టుకోని, తెల్లారిందాకా అమ్మా, అమ్మా అని ఏడ్చినా అయ్యోరా. ఇంట్లో కూడా చెప్పలా. ఈ పొద్దు నీ అరుపు ఇన్నాక చెప్పబుద్ధయింది" అన్నాడు.

చేట కింద పెట్టాను. బెంచీ చూపించాను. చాలాసేపు కూర్చుని అంతా చెప్పాడు.

దాన్ని బొమ్మగా వెయ్యడానికి ఆయన ఒప్పుకున్నాక, పులిని చెరిపి ఆ పలక మీదే కొయ్యను కరుచుకుని ఏడుస్తున్న మనిషిని వేశాను. రెండోరోజు బాజా పెట్టలేదు, గొట్టం ముట్టలేదు. బొమ్మ గోడమీద పడగానే గది సద్దుమణిగింది. ఎవరో ముక్కు చీదారు.

వెనకనుంచి ఆయనే లేచి, "అది నేనే" అన్నాడు. అందరూ తలలు తిప్పి చూశారు. ఆయన బొమ్మకేసి కాసేపు చూసి, "మీసం మాత్రం మరీ చిన్నది ఏసినావు అయ్యోరా" అన్నాడు.