వంతెన మీది తెల్లగీత

2019 వేసవి. కంభం, గిద్దలూరు మధ్య హైవే పనిలో నేను సర్వే ఇంజనీరుని. ఒకప్పుడు మీటర్ గేజ్ రైళ్లు నడిచిన దారినే కొత్త రోడ్డు కొంత దూరం పోతుంది. పట్టాలు ఎప్పుడో తీసేశారు, కట్ట మట్టిని తోలుకుపోయారు. ఎండలో లెవల్ యంత్రంలోంచి చూస్తుంటే దూరాన నేలంతా నీళ్లలా మెరిసేది. తీరా వెళ్తే కంది మోళ్లే.

ఒక పేట దగ్గర వాగు జాడ నాకు కనపడలేదు. ఎన్నో ఏళ్లుగా ఎండిపోయి, దున్నేసి ఉంది. చిన్న పైప్ కల్వర్ట్, అంటే రోడ్డు కింద గుండ్రటి తూము, చాలని డ్రాయింగులో పెట్టేశాను.

గుర్తు రాళ్లు పాతుతుంటే పేటలోంచి మార్తమ్మవ్వ వచ్చింది. డెబ్బై దాటినా ఇంకా కూలికి పోయే మనిషి. ఇక్కడేం కడతారని అడిగితే, చిన్న తూమని చెప్పాను.

"ఈ తూము చాలదు నాయనా. మీ కట్ట లేస్తే నీళ్లు మా ఇండ్ల మీదికే మళ్లుతాయి."

"ఇక్కడ నీళ్లెక్కడివి అవ్వా?"

"నువ్వు చూడలేదని రాకుండా పోతాయా ఏంది?"

నాకు చురుక్కుమంది. రుజువేదని అడిగాను. ఇంట్లోకి తీసుకెళ్లి, గోడకున్న నలుపు తెలుపు ఫొటో చూపించింది. ఇదే వాగు మీద కట్టిన రాతి స్తంభాల వంతెనపై పొగబండి ఆగి ఉంది. కింద గ్యాంగ్‌మన్‌లు, పట్టాలు చూసుకునే కూలీలు, వరసగా నిలబడ్డారు. చూస్తూ చూస్తూ ఎక్కడున్నానో మరిచిపోయాను. కాసేపుంటే ఆ బండి కదులుతుందేమో అనిపించింది. అప్పుడు కనపడింది, స్తంభం మీద తెల్లగీత. వరద ఎంత ఎత్తు వచ్చిందో రైల్వేవాళ్లు అట్లా గీసి పెడతారు. మా భాషలో హెచ్.ఎఫ్.ఎల్., హైయెస్ట్ ఫ్లడ్ లెవల్.

"ఆ గీత మా నాయనే గీసినాడు. ఆ యేడే మా తమ్ముణ్ణి నీళ్లు ఎత్తుకపోయినాయి," అంది అవ్వ.

ఫొటో దగ్గరికి జరిగాను. పునాది నుంచి గీత దాకా రాతి వరసలు లెక్కపెట్టాను. తొమ్మిది. ఒక్కో రాయి ఎత్తెంతో ఎట్లా తెలుస్తుందని పైకే అన్నాను.

"వంతెన పడగొట్టినప్పుడు ఆ రాళ్లే మా చర్చి మెట్లకు తెచ్చుకున్నాం గదా," అంది.

మెట్టుకు టేపు పెట్టాను. పొలంలో తవ్విస్తే పాత పునాది దొరికింది. అక్కణ్ణుంచి తొమ్మిది వరసల ఎత్తు లెక్కగడితే, ఆ గీత అవ్వ ఇంటి కిటికీ పైకి వచ్చింది. నా తూము కట్టి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని భయపడ్డాను.

తప్పు ఒప్పుకుంటూ, ఫొటో జతచేసి పైకి రాశాను. "ఫొటో చూసి వంతెన కడతావా?" అని కసిరిన మా ఆఫీసరు, చివరికి తనే వచ్చి మెట్లు కొలుచుకున్నాడు. తూము స్థానంలో మూడు గళ్ల బాక్స్ కల్వర్ట్, అంటే నీళ్లకు మూడు పెద్ద చదరపు దారులున్న చిన్న వంతెన, వచ్చింది.

రోడ్డు పూర్తయిన రెండో ఏడు తుఫాను వాన పట్టింది. పొద్దున్నే పరుగున వెళ్లాను. ఎర్రనీళ్లు మూడు గళ్ల నిండా పారుతున్నాయి, పేట తడవలేదు. మార్తమ్మవ్వ మాత్రం మూటలు పక్కన పెట్టుకుని రోడ్డు మీద కూర్చుంది.

"నా మీద నమ్మకం లేదా అవ్వా?"

"నీ మీద ఉంది నాయనా. నీళ్ల మీదే లేదు."

ఇంకాసేపు చూసి, మూటలెత్తుకుని ఇంటికి మళ్లింది. ఇప్పుడు నేను ఏ ఎండిన నేలమీదైనా లెవల్ పెట్టే ముందు ఊళ్లోకి వెళ్లి, ఇక్కడ వరద చూసినవాళ్లు ఎవరున్నారని అడుగుతాను.