తాగని వైన్

బాబుకు ఆరో నెల. వాణ్ణి మా పుట్టిల్లు బట్లహళ్ళిలో అమ్మ దగ్గర వదిలి, మొదటిసారి మావారితో బెంగళూరులోని ఓ ఖరీదైన ఏషియన్ రెస్టారెంటుకు వెళ్లాను. వెయిటర్ రుచి చూడమని గ్లాసులో కాస్త వైన్ పోశాడు.

"ద్రాక్షతోట పిల్లవి గదా, బాగుండాదో లేదో నువ్వే చెప్పు," అన్నారు మావారు.

పాలిచ్చే తల్లిని, తాగకూడదు. నాన్న తోటలో పండును చూసినట్టు వాసన చూశాను. ఇల్లే గుర్తొచ్చింది. అంతలో పక్క టేబుల్ దగ్గర ఎవరి పాపో ఏడ్చింది. వెయిటర్ ఎదుటే నా రవిక పాలతో తడిసిపోయింది. సిగ్గుతో పైట కప్పుకున్నాను.

"పద, పోదాం. వాడు నీకోసం ఏడుస్తాంటాడు," అంటూ మావారు లేచారు.

తీరా వెళ్తే వాడు హాయిగా నిద్రపోతున్నాడు. "ఇప్పుడే పడుకున్యాడు, లేపొద్దు తల్లీ," అంది అమ్మ.

ఏళ్లు గడిచాయి. రేపు వాడు మొదటిసారి బడికి వెళ్తాడు. నిద్రపోతున్న వాడి పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ రాత్రీ వాణ్ణి లేపాలనే ఉంది.