దండెం మీద బొంత, సున్నం వేసిన గోడ

మన చిన్నప్పుడు ఫొటో అంటే ముందు ఇల్లంతా కడిగేవాళ్లు, గుర్తుందా?

నిన్న నారాయణఖేడ్‌లో మా వీధికి ఫొటోలు తీసే మేడమ్ ఒకామె వచ్చింది. దండెం మీది మా పాత బొంతను చూసి, రేపొచ్చి తీస్తానంది. ఇవాళ పొద్దున అత్తమ్మ దాన్ని సబ్బునీళ్లలో ముంచబోతుంటే నాకు మా పుట్టింటి గోడ గుర్తొచ్చింది.

నా ఏడేళ్లప్పుడు సిర్గాపూర్‌లో మా పుట్టింటికీ ఇలాగే ఒకాయన వచ్చాడు. పిట్టలను, పల్లె కట్టుబట్టలను, గోడల మీది బొమ్మలను ఫొటోలు తీసేవాడు. ఎర్రటి జాజు పూసిన గోడ మీద నాయనమ్మ వేళ్లతో వేసిన నెమళ్లను చూసి, మర్నాడు వస్తానన్నాడు. "సారొస్తుండు, గోడేమో మసిబట్టింది" అంటూ అమ్మ సాయంత్రానికల్లా సున్నం వేసేసింది. బకెట్ పట్టుకున్నది నేనే. ఆ తడి సున్నం వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. తెల్లగోడను చూసి ఆయన కెమెరా మూసేశాడు. నాయనమ్మ చేతులు అప్పటికే వణికేవి, మళ్లీ వేయలేకపోయింది.

పెళ్లయి రెండేళ్లయినా అత్తమ్మకు నేను ఎదురు చెప్పింది లేదు. కానీ ఆ బొంత దారం చివికిపోయింది, నానితే విడిపోతుంది.

"ఉతకొద్దు అత్తమ్మా" అన్నాను. గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను.

"ఏందే, గీ మురికి ఫొటోల వడాల్నా?"

"మురికి గాదు అత్తమ్మా. గవి మీ అమ్మ చీరలు."

ఆమె బొంత అంచును కాసేపు తడిమింది. "ఇగ బకెట్ తీస్కపో" అంది.

నీళ్లు మోరీలో పారబోసి, బొంతను మళ్లీ దండెం మీద వేశాను. మేడమ్ ఇంకా రాలేదు. అత్తమ్మ మనసు మారుతుందేమోనని దండెం కిందే కూర్చుని ఇది రాస్తున్నాను.