సత్తెనపల్లిలో గెలిచిన రోజు నాగమణికి చెప్పిన తప్పు

నా మీద అభియోగం ఇది. మంగళగిరి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు ఈ సీజన్‌లో తొలి విజయం సాధించిన సాయంత్రం, తండ్రి పోయి రెండు నెలలు కూడా కాని నాగమణికి పదిమంది ఎదుట ఆటలో తప్పు ఎత్తిచూపి ఏడిపించాను. "వాదనలో గెలవడం అలవాటైనవాళ్ళకి ఎదుట ఉన్నది మనిషని గుర్తుండదు" అని మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. చాలామంది దానికి చేతులు జోడించి సమ్మతి తెలిపారు. వాళ్ళలో ఆ రోజు సత్తెనపల్లికి వచ్చినవాళ్ళు బహు తక్కువ. ప్రయాణం చూడనివాళ్ళు తీర్పు ప్రకటించేశారు కనుక ఆ ప్రయాణాన్ని మొదటి నుంచి రాస్తున్నాను. అభియోగంలోని వాస్తవాలను నేను కాదనడం లేదు. వాటి నుంచి మీరు తీసిన ముగింపును కాదంటున్నాను. ఇదే దారిన ఆట చూడబోయేవారికి బస్సుల వివరాలూ ఇందులోనే దొరుకుతాయి.

సాంబయ్య గారి గురించి చెప్పకుండా ఈ ప్రయాణం ఎందుకు మొదలైందో చెప్పలేను. ఆయన నాగమణి తండ్రి. గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. జట్టు ఏ ఊళ్ళో ఆడినా వెంట వెళ్ళేవారు. మమ్మల్నీ వెంటబెట్టుకు వెళ్ళేవారు. ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. జట్టు ఓడిన రోజున ఆట గురించి ఎవరూ నోరు మెదపకూడదు. పిల్లలకు వేడిగా ఏదైనా తినిపించి ఇళ్ళకు చేర్చాలి. గెలిచిన రోజున మాత్రం దగ్గర్లోని టీ కొట్టు ముందు అందరం కూర్చోవాలి. ఆడినవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడతారు. అభిమానులు తప్పులు చెబుతారు. వాళ్ళు మారుమాట లేకుండా విని, టీ అందుకుని కూర్చుంటారు. చూసేవారికి ఇది క్రూరంగా తోచవచ్చు కానీ, ఇది నేతపనివారి ఇంటి పద్ధతి. మగ్గం మీద నుంచి దించిన చీరను గుమ్మంలో వెలుతురుకు ఎదురుగా పట్టి, పోగు ఎక్కడ తప్పిందో వెతుకుతారు. "బాగా వచ్చినదాన్నే గదమ్మా అట్లా పట్టిపట్టి చూసేది. పాడైన ముక్కనెవరు చూస్తారు?" అని ఒకసారి ఆయన నాతో అన్నారు. వానాకాలం మొదట్లో గుండెపోటుతో ఆయన పోయారు. సీజన్‌లో మొదటి ఆటకు నాగమణి రాలేదు. అది డ్రాగా ముగిసింది. రెండో ఆట సత్తెనపల్లిలో. ఆమె వస్తానంది. ఆయన లేకుండా మేము కదిలిన మొదటి ప్రయాణం అదే.

ఆదివారం ఉదయం ఎనిమిది దాటాక మంగళగిరిలో గుంటూరు బస్సు ఎక్కాం. రద్దీ లేకపోతే ముప్పావు గంట ప్రయాణం. గుంటూరు బస్టాండులో సత్తెనపల్లి వైపు బస్సులు తరచుగానే దొరుకుతాయి. అక్కడి నుంచి గంటకు కాస్త పైన పడుతుంది. ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చేతిలో పెట్టుకుంటే చాలు. మాతో వచ్చిన నలుగురైదుగురు మగవాళ్ళే డబ్బులు తీశారు. అందులో ఇస్త్రీ బండి సుబ్బారావు బాబాయి ఒకడు. సాంబయ్య గారికి చిన్ననాటి స్నేహితుడు, మా బృందంలో అందరికన్నా పెద్ద గొంతు ఆయనదే.

"ఏంటమ్మా, ఇంతమంది? పెళ్ళికా?" అన్నాడు కండక్టరు.

"మ్యాచ్‌కండీ. ఫుట్‌బాల్," అంది గోల్‌కీపరు ఝాన్సీ.

"ఆడేది ఎవరు, ఈయనా?" అని కండక్టరు సుబ్బారావు బాబాయి పొట్ట వంక చూశాడు.

"నేను బంతినయ్యా! టికెట్టు కొట్టు ముందు," అన్నాడు బాబాయి. బస్సంతా నవ్వింది. నాగమణి కూడా నవ్వింది. ఆమె నవ్వగానే మావాళ్ళందరూ చటుక్కున ఆగి ఆమె వంకే చూశారు. ఆ పిల్ల నవ్వు అక్కడే ఆగిపోయింది.

గుంటూరు దాటాక రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి. ముందురోజు వాన పడినట్టుంది. పత్తి చేలల్లో పసుప్పచ్చని పూలు తడిసి వాలి ఉన్నాయి. ఒకచోట ఆడవాళ్ళు బారుగా వంగి మిరప నారు నాటుతున్నారు. నా పక్క సీట్లో ఉన్న నాగమణి వాళ్ళనే చూస్తూ, నాకు మాత్రమే వినపడేలా అంది:

"అక్కా, పొద్దుట్నుంచి నాకు ముగ్గురు అరటిపళ్ళు ఇచ్చారు. నేనేమన్నా జొరమొచ్చి పడున్నానా?"

"ప్రేమ కొద్దీ ఇస్తున్నారులే."

"ఝాన్సీకివ్వలేదే? ఇంట్లో అంతే, వీధిలో అంతే. అందరూ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇవాళ గెలిస్తే నా తప్పు ఎవరు చెబుతారు?"

"ఇంతమందిమి ఉన్నాంగా."

"చూస్తాగా. చెప్పకపోతే మాత్రం బూట్లు ఝాన్సీకిచ్చేసి మగ్గం చూసుకుంటా. జాలిపడి ఆడించే జట్టులో నేనుండనక్కా."

ఆమె బెదిరించలేదు. మామూలు గొంతుతోనే చెప్పింది. అందుకే నాకు భయమేసింది.

సత్తెనపల్లి బస్టాండు నుంచి మైదానానికి షేర్ ఆటోలో మనిషికి ఇరవై రూపాయలు తీసుకున్నారు. మైదానం పక్కనే పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. పనిలేని రోజులు కావడంతో మూతబడి ఉంది. నిరుటి పత్తి పీచు ఇంకా కంచె ముళ్ళకు పట్టుకుని వేలాడుతోంది. వాన పడిన నల్లరేగడి మీద నడిచినవారికి తెలుసు: నాలుగు అడుగులు వేస్తే చెప్పులు తవ్వి తీసిన గడ్డల్లా తయారవుతాయి. స్థానిక జట్టు అమ్మాయిలు ఆ మట్టిలో పుట్టినవాళ్ళు. బూటు బరువెక్కిందంటే చాలు, గీత పక్కన పాతిన కర్రకు గీకుకుని పరుగెత్తుతున్నారు. మా పిల్లలకు ఆ సంగతి తెలిసేసరికి ఇరవై నిమిషాలు గడిచిపోయాయి.

"ఏవమ్మోయ్ మంగళగిరీ, జరీ అంచు తడిసిద్దేమో, జాగర్త!" అని గీత అవతలి నుంచి ఒక పెద్దాయన కేకేశాడు.

"తడిస్తే మీ పత్తి పెట్టి తుడుచుకుంటాంలే పెదనాన్నా!" అని సుబ్బారావు బాబాయి అందుకున్నాడు.

ఆట మొదటి సగంలో నాగమణి ఎడమ అంచు నుంచి దూసుకువచ్చి కుడికాలితో మొదటి గోల్ కొట్టింది. విరామం తరువాత కార్నర్ నుంచి వచ్చిన బంతిని మా మిడ్‌ఫీల్డరు తలతో లోపలికి నెట్టింది. ఆపైన మావాళ్ళు వెనక్కి తగ్గి గోల్ ముందే గుమిగూడారు. స్థానిక జట్టు ఒకటి తిరిగి కొట్టింది; రెండోది బారుకు తగిలి బయటపడింది. రెండు–ఒకటి. గెలిచాం. అయితే గెలుపును చేజారేదాకా తెచ్చింది నాగమణి వదిలేసిన రెండు అవకాశాలు. రెండుసార్లూ గోల్ ఎదురుగా బంతి ఆమె ఎడమకాలి ముందు పడింది. రెండుసార్లూ ఆమె దాన్ని కుడికాలికి మార్చుకోబోయింది. రెండుసార్లూ ఆ కాలు బురదలో జారింది.

అది బురద చేసిన తప్పు కాదని నాకు తెలుసు. సాంబయ్య గారి పక్కన కూర్చుని నేను చాలా ఆటలు చూశాను. కూతురి దగ్గరకు బంతి చేరగానే ఆయన పాదాలు కదిలేవి: ఎడమ, కుడి, ఎడమ, కుడి. మగ్గం గుంటలో తొక్కుడు చెక్కల మీద కదిలినట్టే. నాగమణి పదేళ్ళ వయసులో ఆ చెక్కల మీద కాళ్ళు పెట్టింది. రెండు కాళ్ళూ సమానంగా ఆడే అమ్మాయి జిల్లాలో మరొకరు లేరని అందరూ మెచ్చుకుంటారు. ఆ కాళ్ళకు వంతు ఉందని మాత్రం ఎవరూ గమనించలేదు. ఒకసారి ఎడమకాలు తాకిందంటే తరువాత తాకేది కుడికాలే, బంతి ఎక్కడున్నా సరే. సత్తెనపల్లి డిఫెండరు రెండో సగంలో దాన్ని పట్టేసింది. ముందే వచ్చి కుడివైపు నిలబడుతోంది.

మైదానం ఎదుటి టీ కొట్టు ముందు బల్లల మీద కూర్చున్నాం. కొట్టు నడిపే ఆవిడ పునుగులు తీస్తూ మా మొహాలు చూసి, "ఏందయ్యా, గెలిచారా ఓడారా? మిమ్మల్ని చూస్తే తెలవట్లా," అంది. సాంబయ్య గారు ప్రారంభించే పనిని ఆ రోజు సుబ్బారావు బాబాయి నెత్తిన వేసుకున్నాడు.

"ఝాన్సీ, నువ్వు తన్నిన బంతి నరసరావుపేట దాకా పోయిద్ది గానీ మనోళ్ళ కాళ్ళ దగ్గరకు రాదేందమ్మా?" అన్నాడు. నవ్వులు. ఝాన్సీ తల వంచుకుని విని, టీ తీసుకుని కూర్చుంది. వెనక్కి తగ్గినందుకు డిఫెండర్లను అందరూ కలిసి దులిపారు. అంతవరకూ అంతా ఎప్పటిలాగే ఉంది.

నాగమణి లేచి నిలబడింది.

అందరి తలలూ కిందికి వంగాయి. "నువ్వు బాగా ఆడావు తల్లీ," అన్నాడు బాబాయి. "మీ నాన్నే గనక ఉంటే..." అని ఆగిపోయాడు.

"అంతేనా బాబాయ్?"

"అంతేనమ్మా. కూర్చో."

"రెండు గోల్సు పోగొట్టాను."

"బురద తల్లీ, నువ్వేం చేస్తావు? కూర్చో, టీ తాగు."

ఆమె కూర్చోలేదు, టీ అందుకోలేదు. వంగి బూట్లు విప్పింది. పుల్లతో బురద గీకి, రెండు లేసులూ కలిపి ముడివేసి, ఝాన్సీ ముందు బల్ల మీద పెట్టింది. బస్సులో ఆమె చెప్పిన మాట నేనొక్కదాన్నే విన్నాను. నేను లేచాను.

"నాగమణీ, నీ ఆటలో తప్పుంది."

"ఏయ్ లాయరమ్మా, ఇవాళొద్దు," అన్నాడు బాబాయి. నేను లా చదువుతానని ఆ పేరు పెట్టాడు.

"ఇవాళే కావాలి బాబాయ్. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది." ఆ తరువాత తప్పేమిటో చెప్పాను. వంతు ఎక్కడి నుంచి వచ్చిందో, డిఫెండరు దాన్ని ఎలా పట్టిందో చెప్పాను.

ఆమె తన కాళ్ళ వంక చూసుకుంది. ఆ తడి నేల మీద వట్టి పాదాలు నెమ్మదిగా కదిపింది: ఎడమ, కుడి. "ఇది నాన్న చూళ్ళేదా అక్కా?"

"లేదు. నీ దగ్గరకు బంతి వచ్చినప్పుడల్లా ఆయన కాళ్ళూ అట్లాగే ఆడేవి. ఆయనకది తప్పులా కనపడే వీల్లేదు."

అప్పుడు ఏడ్చింది. నిలబడే, చేతులు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. "పోయిన మనిషి కాళ్ళ జోలికెందుకు పోయావే?" అని సుబ్బారావు బాబాయి నా మీదికి లేచాడు. ఆయన కళ్ళూ తడిసే ఉన్నాయి. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో అక్కడితో ముగుస్తుంది. మీరంతా చూసి తీర్పు చెప్పింది అంతవరకే. ఆ తరువాత జరిగింది ఇది.

"అయితే ఇది మార్చుకోవాలా అక్కా?" అని నాగమణి అడిగింది.

మార్చుకోమని చెప్పబోయాను. మార్చుకో అంటే ఏమి మార్చుకోమంటున్నానో ఆ క్షణంలోనే నాకు పూర్తిగా అర్థమైంది. సాంబయ్య గారి నుంచి ఆమె దగ్గర మిగిలింది ఆ కదలికే.

ఆమె ముక్కు తుడుచుకుని, ఝాన్సీ ముందున్న బూట్లు తిరిగి తీసుకుంది. "గ్రౌండులో మార్చుకుంటా," అంది. "మగ్గం మీద అట్లాగే ఉంటది." ఆ మీదట బాబాయి వైపు తిరిగి, "టీ ఇవ్వు బాబాయ్, చల్లారిపోతంది," అంది. ఆయన గ్లాసు అందించాడు. ఆమె కూర్చుని తాగింది.

తిరుగు ప్రయాణానికి ఆరు గంటలకు ముందే బస్సు ఎక్కాం. అందరికీ సీట్లు దొరికాయి, ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. గెలిచినవాళ్ళం అలా ఉండకూడదని మీరంటారు. ఆయన లేని మొదటి గెలుపు ఎలా ఉండాలో మాకు ఎవరూ నేర్పలేదు. నాగమణి చెప్పులు విప్పి, ముందు సీటు కింద పాదాలు ఆనించి కూర్చుంది. ఎడమపాదాన్ని ఎత్తి, దించి, మళ్ళీ అదే పాదాన్ని ఎత్తుతోంది. మధ్యలో కుడిపాదం తనంతట తాను లేవబోతే చేత్తో మోకాలు పట్టుకుని ఆపుతోంది. నేను కిటికీ వైపు తిరిగాను. దుఃఖంలో ఉన్న మనిషికి ఓదార్పు కావాలన్న మాట నిజమే. ఆ ఓదార్పు పేరుతో ఆమె చేసే పనిని పరీక్షకు పనికిరానిదిగా పక్కన పెట్టేస్తే, తండ్రితో పాటు ఆటనూ ఆమె చేతిలోంచి లాక్కున్నట్టే. ఆ రోజు ఆమె అడిగింది వెలుతురుకు పట్టి చూడమని. నేను చూశాను. అది నా నేరమైతే ఒప్పుకుంటున్నాను.

వచ్చే ఆదివారం జట్టు చీరాలలో ఆడుతోంది. వాన పడితే ఎక్కడికైనా సరే, రబ్బరు చెప్పులు వేసుకుని, బురద గీకడానికి ఒక పుల్ల సంచిలో పెట్టుకుని బయలుదేరండి. బూట్లతో వస్తే మధ్యాహ్నమంతా మట్టి మోయడమే సరిపోతుంది. అరటిపళ్ళు తేవద్దు. తెస్తే అందరికీ తెండి. గ్రూపులో నా మీద తీర్పు రాసిన ప్రతి ఒక్కరినీ పేరుపేరునా పిలుస్తున్నాను. గీత పక్కన కూర్చుని ఆమె కాళ్ళను కళ్ళార్పకుండా చూడండి. గెలిచాక నాగమణి లేచి నిలబడితే తలలు దించుకోకండి. ఎడమకాలి ముందు పడిన బంతిని ఎడమకాలితోనే కొట్టిందో లేదో, ఆమె మొహం మీదే చెప్పండి.