తడికాగితం దగ్గర కాపలా

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. మా ఇంట్లో ఆ రెండూ అక్కాచెల్లెళ్ళు. నోరు మా అమ్మది, కాలు మా పిన్నిది.

పిన్నిని ఇంటా బయటా అందరూ బొంగరం అంటారు. పేరు పెట్టింది అమ్మే. పిన్ని అన్నం కూడా నిలబడే తింటుంది. కంచం చేత్తో పట్టుకుని కిటికీకీ పొయ్యికీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. టీవీ చూడాలన్నా కుర్చీ వెనక నిలబడి చూస్తుంది తప్ప అందులో కూర్చోదు. కాసేపు పక్కన ఉంటే చాలు, నాకూ కాలు ఆడించడం మొదలవుతుంది, దాంతో ఒళ్ళు మండుతుంది.

నర్సింగులో చేరింది, మధ్యలో మానేసింది. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పింది, అదీ మానేసింది. ఆ తర్వాత ఫొటో స్టూడియో, పూలకొట్టు, చిన్నపిల్లల బడి. అన్నీ మూణ్ణాళ్ళ ముచ్చటే. పెళ్ళి మాత్రం మొదలే పెట్టలేదు. ఆవిడ చేసిన తెలివైన పని అదొక్కటేనని అమ్మ అంటుంది.

అమ్మకి కోర్టు ఎదురుగా జిరాక్స్ షాపుంది. మిషన్ తిరుగుతున్నంతసేపూ వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి చెబుతూ ఉండాలి. ఎక్కువగా పిన్ని కథే చెబుతుంది. "రక్తం చూస్తే కళ్ళు తిరిగాయండీ, అందుకే నర్సింగు మానేసింది. స్కూలు ఓనరు చూపు మంచిది కాదు, అందుకే డ్రైవింగ్ వదిలేసింది." ప్రతిదానికీ ఒక కారణం ఉండేది. పక్కనే కాగితాలకి పిన్నులు కొడుతూ నిలబడ్డ పిన్ని అవుననేది కాదు, కాదనేది కాదు.

తోటివాళ్ళ పిల్లలు కాలేజీకొచ్చిన వయసులో పిన్ని యూనివర్సిటీలో చేరింది. అదీ ప్రాచీన భాషలు, నాగరికతల శాఖలో. షాపు నుంచి కాపీల కట్టలు ఇవ్వడానికి వెళ్ళి, అక్కడ వరండాలో గోడవారగా పెట్టిన పాత అక్షరాల చెక్కుడురాళ్ళ ముందు ఆగిపోయిందట. పిన్ని ఎక్కడైనా ఆగిపోవడమంటేనే మాకు వింత.

"బతికున్నవాళ్ళతోనే నాలుగు మాటలు సరిగ్గా మాట్లాడదు. చచ్చిపోయిన భాషలెందుకే దీనికి?" అంది అమ్మ.

ఎన్నాళ్ళులే అనుకున్నాం. కానీ ఏళ్ళు గడిచినా మానలేదు. చదువు మాత్రం కుదురుగా సాగలేదు. మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఎవరూ మాట్లాడని భాషలో క్రియాపదాలు వల్లించేది. కిందింటాయన చీపురుకర్రతో కప్పు మీద కొట్టేవాడు. చదివిన పాఠాన్ని వదిలేసి రెండు పాఠాల అవతలకి దూకేది, మళ్ళీ కంగారుగా వెనక్కి వచ్చేది. తెల్లారితే మానేస్తుందేమోనని నాకూ అనుమానమే, ఆవిడకీ అనుమానమే.

ఆ శాఖలో చదువు పూర్తవ్వాలంటే చివర్లో రాతిపరీక్ష నెగ్గాలి. ఒక చెక్కుడురాయి ఇస్తారు. దాన్ని కడిగి, మందపాటి కాగితం తడిపి పరిచి, గట్టి బ్రష్షుతో కొట్టాలి. కాగితం అక్షరాల గాట్లలోకి దిగుతుంది. ఆరాక ఆ కాగితమే రాతికి అచ్చు. దాన్ని దీపం ముందు ఏటవాలుగా పట్టుకుని చదివి చెప్పాలి. అంతవరకూ బాగానే ఉంది. అసలు తంటా ఆరబెట్టడంలో వస్తుంది. కాగితం దానంతటది వదలాలి. లాగకూడదు, గాలి విసరకూడదు. అంటించిన మనిషి పక్కనే స్టూలు మీద కూర్చుని కాపలా కాయాలి. పుస్తకం పట్టకూడదు, ఫోను ముట్టకూడదు. ఆ శాఖలో మొదటినుంచీ అదే ఆచారమట. అమ్మ వినగానే నవ్వింది. "ఆ రాయేదో షాపుకి పట్టుకురా, నిమిషంలో జిరాక్స్ తీసిస్తా."

నిరుడు పిన్ని ఆ పరీక్ష తప్పింది. పూట గడవకముందే అంచు పట్టి లాగింది. కింది సగం చిరిగి రాతికే ఉండిపోయింది. రెండోసారి రాయనిస్తారు, మూడోసారి లేదు.

"ఈసారి కూడా తప్పావో, ఇక యూనివర్సిటీ మాటెత్తకు. వచ్చి ఈ మిషన్ ముందు కూర్చో, జన్మంతా," అంది అమ్మ.

"సరే," అంది పిన్ని.

ఆ సరే నాకు నచ్చలేదు. పోట్లాడాల్సిన మనిషి సరే అంటే భయమేస్తుంది. పరీక్షనాడు తోడు రమ్మంటే వెళ్ళాను. బస్సులో ఖాళీ సీట్లున్నా ఇద్దరం నిలబడే ఉన్నాం.

"ఇది కూడా వదిలేస్తే మీ అమ్మ షాపులో చెప్పే మనిషినే నేనని ఒప్పేసుకుంటానే," అంది కిటికీలోంచి చూస్తూ.

రాళ్ళగది నేల సిమెంటుది. ఎత్తున రెండు కిటికీలు, మూల ఒక కుళాయి. పరీక్ష పెట్టే మేడమ్ పొట్టిగా, నెరిసిన జుట్టుతో ఉంది. నన్ను గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చోమంది. పిన్నికి మళ్ళీ నిరుటి రాయే ఇచ్చింది.

బ్రష్షుతో కొట్టడం పిన్ని భలే చేసింది. చేతికి పనుంటే ఆవిడంత మనిషి లేదు. తర్వాత స్టూలు మీద కూర్చుంది. అక్కణ్ణుంచి మా ఇద్దరికీ నరకం. కాళ్ళు ముడుచుకుంది, చాపింది, స్టూలు కింద పెట్టింది. ముళ్ళమీద కూర్చున్నట్టే. కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. ఆ మేడమ్ మాత్రం తన బల్ల దగ్గర ఈ లోకంతో పని లేనట్టు ఏదో రాసుకుంటోంది. నాకైతే లేచెళ్ళి నేనే పీకేయాలనిపించింది ఆ కాగితాన్ని.

మధ్యాహ్నం దాటాక పైమూల కొంచెం లేచింది. పిన్ని చెయ్యి ముందుకెళ్ళింది.

"పిన్నీ!" అన్నాను, గట్టిగానే.

మేడమ్ తలెత్తింది. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చుంది. ముఖమంతా చెమట. ఆవిడ అంతసేపు కూర్చోవడం నేను పుట్టాక చూడలేదు. చూస్తుంటే జాలేసింది, గర్వంగానూ అనిపించింది.

ఎండ కిటికీలోంచి జరిగిపోయాక కాగితం సన్నగా చప్పుడు చేసి, వంగి, పిన్ని ఒళ్ళోకి జారింది.

మేడమ్ దీపం వెలిగించింది. పిన్ని కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుని, ముందు ఆ పాతభాషలో చదివి, తర్వాత అర్థం చెప్పింది. ఎవరో ఒకాయన పూడిపోయిన కాలవ తవ్వించాడట. నీళ్ళొచ్చాయట. ఊరివాళ్ళు మెచ్చుకుని ఈ రాయి పెట్టారట. ఇంత కష్టపడింది ఒక కాలవ కోసమా అనుకున్నాను నేను.

"చివరి వరుస?" అంది మేడమ్.

పిన్ని దీపానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. కాగితాన్ని అటు వంచింది, ఇటు వంచింది. వేలు కాగితానికి తగలకుండా వరుస వెంబడి నడిపింది.

"ఇలాంటి రాళ్ళన్నీ దీవెనతోనే ముగుస్తాయి కదా. దాతకీ ఆయన పిల్లలకీ మేలు జరగాలని," అంది మేడమ్. "ఇక్కడ అరిగిపోయిందని, దీవెన రాసి పూరించారు నీ ముందువాళ్ళు చాలామంది."

"అరగలేదు మేడమ్," అంది పిన్ని. "చెక్కేవాడు అక్షరాలు వంకరపోకుండా పైనా కిందా సన్నగీతలు గీసుకున్నాడు. అవి ఎంత పదునుగా ఉన్నాయో చూడండి. రాయి అరిగితే ముందు పోయేది అవే. మధ్యలో మాత్రం ఏమీ లేదు. ఒక్క ఉలిదెబ్బ కూడా లేదు. వాడు గీతలు గీసుకుని, పని వదిలేసి వెళ్ళిపోయాడు."

"ఎందుకు వెళ్ళిపోయాడు?"

గుమ్మం దగ్గర కూర్చున్న నాకే పది కారణాలు తోచాయి. జబ్బు చేసిందేమో. కూలి ఇవ్వలేదేమో. అమ్మయితే ఇరవై చెప్పేది.

"తెలీదు మేడమ్," అంది పిన్ని. "అది రాతి మీద లేదు. లేనిది మనం రాయకూడదు."

మేడమ్ కాగితం అందుకుని, జాగ్రత్తగా అట్టల మధ్య పెట్టింది. "ఇంతకాలం చదివాక ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు. పూరించేస్తాం. మీ అందరికీ ఈ రాయే ఇచ్చేది అందుకే," అంది. "చదువు పూర్తయిందమ్మా నీకు. వెళ్ళి ఏదైనా తిను."

పిన్ని వరండాలోకొచ్చి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్కనుంచి పోతున్న పిల్లలు మేమిద్దరం ఫెయిలయ్యామనుకుని ఓదార్చారు.

షాపుకి వెళ్ళేసరికి అమ్మ ఒక ప్లీడరుగారికి కాపీలు తీస్తోంది. "పాసయ్యాను," అంది పిన్ని గుమ్మంలోంచే.

అమ్మ నోట మాట రాలేదు. అదీ మొదటిసారే. తర్వాత ముక్కు ఎగబీల్చి, కళ్ళు తుడుచుకుని, ప్లీడరుగారి వైపు తిరిగింది. "మా చెల్లెలండీ. పెద్ద చదువు. దీనికి మొదటినుంచీ తెలివికేం తక్కువలేదు. ఆ నర్సింగప్పుడు రక్తం చూసి కళ్ళు తిరగబట్టి గానీ..."

"అమ్మా," అన్నాను. "ఆ సంగతి నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటే? అందరికీ తెలిసిందే..."

"ఎవరు చెప్పారు?"

అమ్మ నా వైపు చూసింది. ఎంత వెతికినా ఎవరూ దొరకలేదని ఆ ముఖమే చెప్పింది. కాపీలు ట్రేలో పడుతూనే ఉన్నాయి. పిన్ని వైపు తిరిగి, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగింది. "అసలెందుకు మానేశావే?"

పిన్ని వీధివైపు ఒకసారి చూసింది. వెళ్ళిపోతుందనుకున్నాను. కానీ మిషన్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"ముందు అది ఆపు అక్కా," అంది. "చెప్తాను."

అమ్మ మిషన్ ఆపింది.